సాంచ మొర వినేటోడు ఏడి?

చప్పుడు ఎక్కువైందని మొత్తుకుంటే, చెవులల్ల పెట్టుకోమని రెండు స్పంజి ముక్కలు చేతుల పెడ్తరు. సూరత్ కాడ సచిన్ జీఐడీసీ అనే కార్ఖానాల పేటల ఏ షెడ్డుకు పోయినా ఇప్పుడు నడిచే వైద్యం ఇదే. రోగం సాంచకు, అంటే మరమగ్గానికి; మందు మనిషికి. మా దినాలల్ల ఇట్ల లేకుండె బిడ్డా. సాంచ అరిస్తే సాంచ దగ్గరికే పోయెటోళ్ళం. ఎక్కడ వదులైంది, ఎక్కడ అరిగింది, ఎక్కడ నూనె ఎండింది అని దాన్నే అడిగెటోళ్ళం. మీరేమో దాన్ని దాని మానాన అరవనిచ్చి మీ చెవులకు బిరడాలు కొట్టుకుంటున్నరు. పైగా దానికి సేఫ్టీ అని పేరు పెట్టి, గోడకు బొమ్మ కూడ అంటిస్తున్నరు.

నేను సిరిసిల్ల దిక్కు మనిషిని. మా నాయిన గుంటమగ్గం మీద నేసిండు. నాడె అటు పోతే ఒక చప్పుడు, పేకను దగ్గరికి కొడ్తే ఒక చప్పుడు. ఆ రెండు చప్పుళ్ళ నడుమ మా అమ్మ కండెలు చుట్టుకుంట నాయినతోని ఊరి ముచ్చట్లన్ని చెప్పేది. ఇద్దరిల ఎవరూ గొంతు పెంచకపోయేది. తొట్టెల పండుకున్న పోరడు లేవకపోయేది. నేత పనికి చప్పుడు ఉంటది గని, ఆ చప్పుడు మనిషి మాటను మింగకుండె. అది మింగుడు మొదలైంది సాంచలు వచ్చినంకనే. ఆ సాంచను మొదలు కనిపెట్టిందెవరో తెలుసా? 1785ల ఇంగ్లండుల ఎడ్మండ్ కార్ట్‌రైట్ అనే చర్చి పాదిరి. అప్పటిదాక ఆయన మనిషి నేస్తుంటే కండ్లతోని చూడనే లేదట. చూసినోడైతే కొంచెం మెత్తగ చేసెటోడని నా నమ్మకం.

మేము సూరత్ వచ్చిననాడు లింబాయత్‌ల తెలుగోళ్ళ ఇండ్లు ఇప్పుడున్నన్ని లేవు. ఇప్పుడు చూడు, మున్సిపాలిటీ వాళ్ళే తెలుగు మీడియం బడులు నడుపుతున్నరు, పద్మశాలీల గుళ్ళున్నయి, బతుకమ్మకు వీధులు నిండుతయి. సచిన్ అయితే అప్పటికి ఇంకా ఊరే. ఒకప్పుడు నవాబుల రాజ్యం అది. జంజీరా సిద్దీల వంశపోళ్ళు 1791 నుంచి దేశానికి స్వతంత్రం వచ్చేదాక ఏలిన్రు. సూరత్ నుంచి నవ్‌సారి పోయే దారిల రైలు ఆగితే దిగెటోళ్ళం. పొద్దుగూకితే కప్పల అరుపులు వినవడేటివి. ఇప్పుడు ఆ దిక్కు పోతే, రోడ్డు మీద నిలవడ్డా కాళ్ళ కింద నేల వణుకుడు తెలుస్తది.

మా మొదటి షెడ్డుల నాడె సాంచలే. కర్ర వచ్చి పిక్కరును కొడ్తది, పిక్కరు నాడెను తంతది, నాడె ఎగిరి అవతలి పెట్టెల పడ్తది, మళ్ళ అక్కడ తన్ను. నిమిషానికి నూట యాభైకి తక్కువ గాకుండ. ఒక్క సాంచ ముచ్చట అది. అసొంటియి నలభై ఒకే కప్పు కింద నడిస్తే వంద డెసిబెల్స్ అటూ ఇటూ ఉంటది. అండ్ల మాటలెక్కడియి? చేతులే మాకు మాటలు. వేలు గిర్రున తిప్పితే కండె అయిపోయిందని, బొటనవేలు నోటి కాడ పెడితే నీళ్ళు కావాలని, మీసం దువ్వితే సేటు వస్తుండని. లాంకషైర్ మిల్లులల్ల ఆడోళ్ళు నోరు పెద్దగ ఆడించుకుంట పెదవులు చూసి ముచ్చట్లు చెప్పుకునేటోళ్ళట. వాళ్ళకూ మాకూ ఏడు సముద్రాలు అడ్డమున్నా కష్టం ఒక్కటే. ఇప్పటి పిల్లలకు ఆ సైగలు రావు. పక్క సాంచ కాడ నిలవడ్డోనికి సుత ఫోన్ల మెసేజు పెడ్తరు. ఆడు చూసెలోపల బీము మీద దారాలు తెగి, గుడ్డ ఖరాబై ఉంటది.

మా షెడ్డుల సాంచలు బాగు చేసే జాబర్ కాక సంగతి చెప్పాలె. బొంబాయి మిల్లుల చేసిన మనిషి. 1982 జనవరిల దత్తా సామంత్ సమ్మె మొదలై, మిల్లులు మళ్ళ తెరుచుకోకపోతే, పెండ్లాం పిల్లలతోని సూరత్ వచ్చిండు. పొద్దున షెడ్డుల అడుగు పెట్టంగనే ఏ సాంచనూ ముట్టకపోయేది. వరుసల నడుమ మెల్లగ నడిచెటోడు. ఒక కాడ ఆగెటోడు. జేబుల నుంచి పొడుగు స్క్రూడ్రైవరు తీసి, ఇనుప మొనను సాంచ చట్టానికి ఆనిచ్చి, కర్రపిడిని చెవి ముందరి ఎముకకు ఒత్తి పెట్టి కండ్లు మూసుకునేటోడు. పిల్ల ఏడుపును బట్టి అది ఆకలో కడుపునొప్పో తల్లి చెప్పినట్టు, పిక్కరు అరిగిందా, పెట్టె స్ప్రింగు సడలిందా, గేరు పన్ను విరిగిందా, బేరింగుల గ్రీజు ఎండిందా అని చెప్పెటోడు. కండ్లు తెరిచి ఒక్క నట్టు చూపించి "గిది" అనెటోడు. పానా పెట్టి రెండు చుట్లు బిగిస్తే ఆ సాంచ దిక్కు నుంచి వచ్చే కొట్టుడు సగమయ్యేది. నమ్మకుంటే నమ్మకు. మేమందరం చూసినం.

ఆయన చెప్పే మాట ఒక్కటే: చప్పుడంటే ఖర్చు. తన్నుకుంటున్న ఇనుము తనను తాను తింటున్నది, కరెంటును తింటున్నది, నీ చెవిని సుత తింటున్నది. సేటుకు చెవి ముచ్చట చెప్తే వినడు గని కరెంటు బిల్లు ముచ్చట చెప్తే వింటడు అని, ఎప్పుడూ బిల్లు తోవ నుంచే పని చేయించెటోడు. పిక్కర్లు బర్రె తోలువి. కొత్తయి తేంగనే బిగియ్యనిచ్చెటోడు కాదు, నెలలకొద్ది నూనెల నానబెట్టాలె అనెటోడు. అట్ల నానిన తోలు దెబ్బను తనలకు తీసుకుంటది, ఎండుతోలు టపటప కొట్టి పగుల్తది. సాంచ పాదాల కింద పాత కన్వేయర్ బెల్టు ముక్కలు కోసి పెట్టించెటోడు. నీళ్ళ మట్టం పెట్టి నాలుగు కాళ్ళు సమంగ ఆనినయా లేదా చూసెటోడు. ఒక కాలు లేచి ఉంటే సాంచ మొత్తం నేలను గుద్దుకుంట నడుస్తదని. ఇవన్ని ఇంజనీర్లు ఇప్పుడు పుస్తకాలల్ల చదువుకుంటున్నరట. మొదలు పుట్టిన కాడ ఆపు, అక్కడ కాకుంటే దారిల ఆపు, అదీ కాకుంటే ఆఖరుకు చెవి కాడ ఆపు అని. చూసినవా? చెవి ఆఖరిది. మీ షెడ్డుల మొదటిదీ అదే, ఆఖరుదీ అదే.

అట్లని మా చెవులు బాగున్నయా అంటే, లేవు. ఆ మాట దాచిపెట్టి మా దినాల గొప్ప చెప్పుకుంటే పాపం తగుల్తది. మా తోటోళ్ళు ఇప్పుడు గుడి అరుగు మీద కూసుంటే ఒకరి మాట ఒకరికి అందది. గొంతు వినవడ్తది, మాట తెల్వది. ఎందుకో చెవి డాక్టరు చెప్పిండు. చప్పుడుతోని పోయే వినికిడి మొదలు నాలుగువేల హెర్ట్‌జ్ కాడ గుంట పడ్తదట. లోపలి చెవిల సన్నటి వెంట్రుకల కణాలుంటయి, అవి ఒక్కసారి చచ్చినయంటే మళ్ళ మొలవవు. స, త, క అసొంటి సన్నటి అక్షరాలు ఆ మీది స్వరాలల్లనే ఉంటయి కాబట్టి అవే ముందు పోతయి. మా మనుమరాలు "తాతా సబ్బు" అంటే నాకు "డబ్బు" అని వినవడ్తది. పిల్ల గొంతు బంగారం లెక్క స్పష్టమైనదని అందరంటరు. ఆ స్పష్టతే నాకు చేరదు. ఇంట్ల అరుస్తున్నవని మా ముసల్ది అంటది. అరవకుంటే నా మాట నాకే వినవడదు.

కోపం ఎక్కడొస్తదంటే, ఇది మాకు ముందే చెప్పదగ్గ ముచ్చట. మూడు వందల ఏండ్ల కిందటే ఇటలీల రమజ్జీని అనే వైద్యుడు, రాగి గిన్నెలు కొట్టే కంచరోళ్ళకు చెవుడు వస్తదని పుస్తకంల రాసిండు. 1886ల గ్లాస్గోల థామస్ బార్ అనే చెవి డాక్టరు బాయిలర్లు చేసెటోళ్ళను కూసుండబెట్టి పరీక్ష చేసి, వాళ్ళ వినికిడి ఎంత పాడైందో లెక్క తేల్చిండు. మా సాంచలు సూరత్‌ల దిగెనాటికి ఈ సంగతులన్ని పాతవడ్డయి. 2025 దాక మనదేశంల 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఉండె. దాని మూడో షెడ్యూలుల, డాక్టరు తప్పకుండ సర్కారుకు రాసి పంపాల్సిన రోగాల జాబితాల, చప్పుడుతోని వచ్చే చెవుడు సుత ఉండె. అదే జాబితాల సీసం విషముండె, సిలికా దుమ్ముతోని వచ్చే ఊపిరి జబ్బుండె. అంత పెద్ద రోగాల వరుసల నిలవెట్టిన్రు. మరి లింబాయత్ గల్లీలల్ల ఇంతమంది చెవిటోళ్ళున్నరు, ఒక్కరి పేరన్న రాసి పంపిన డాక్టరును నేను చూడలే.

ఆ చట్టం కింది నియమాలల్ల పట్టిక ఒకటుండె, దాన్ని నేను చదివించుకొని విన్న. 90 డెసిబెల్స్ ఉంటే ఎనిమిది గంటలు పని చేయొచ్చు. 95 ఉంటే నాలుగు గంటలు. 100 ఉంటే రెండే గంటలు. 105 ఉంటే గంట. 115 దాటితే ఒక్క నిమిషం సుత ఉండొద్దు. అమెరికాల పనోళ్ళ ఆరోగ్యం మీద పరిశోధన చేసే సంస్థ ఇంకా గట్టిగ, ఎనిమిది గంటలకు 85 దాటొద్దు అంటది. ఇప్పుడు మన లెక్క చూడు. సాంచ మీద మన షిఫ్టు పన్నెండు గంటలు. పొద్దున ఏడుకు ఎక్కితే రాత్రి ఏడుకు దిగుడు. పట్టికేమో ఎనిమిది కాడనే ఆగిపాయె. పన్నెండు గంటల మనిషికి ఎంత అని అండ్ల గడే లేదు. నాడె సాంచల వంద కాడ చట్టం ప్రకారం నేను రెండు గంటలకే దిగి ఇంటికి రావాల్నట. ఎన్నడన్న వచ్చిన్నా?

డెసిబెల్ లెక్క సుత మామూలు లెక్క కాదు. వందకు తొంభైకి పది తేడా అంటే కొంచెమే కద అనుకుంటరు. కాదు బిడ్డా, పదింతలు. మూడు తగ్గిందంటే చప్పుడు బలం సగం తగ్గినట్టు. రెండు ఒక్కతీరు సాంచలు పక్కపక్కన నడిస్తే ఒక్కదానికన్న మూడు ఎక్కువ, పది నడిస్తే పది ఎక్కువ. అందుకే మా కాక సాంచకు సాంచకు నడుమ జాగ విడువమని కొట్లాడెటోడు. ఇప్పుడు మనిషి అడ్డంగ తిరిగి నడిచేంత సందు సుత విడుస్తలేరు. పైన ఇనుప రేకు, చుట్టూ నున్నటి సిమెంటు గోడలు, కింద నున్నటి బండలు. చప్పుడు ఎటు పోవాలె? గోడకు తాకి మళ్ళ నీ మీదికే వస్తది. బొంబాయి మిల్లుల కప్పు రంపం పండ్ల లెక్క ఎత్తుగ ఉండేదట, గాలి వెలుతురు వచ్చేవట. కాక ఆ కప్పు ముచ్చట చెప్తుంటే కండ్లల్ల నీళ్ళు తిరిగేవి. ఇప్పుడు మేడల మీద సుత సాంచలెక్కిస్తున్నరు. మీది అంతస్తుల సాంచ నడిస్తే కింది అంతస్తుల టీ గ్లాసు బల్ల మీద జరుగుకుంట పోతది.

"తాతా, ఇప్పుడు నాడె సాంచలెక్కడియి, అన్ని వాటర్‌జెట్‌లు, రేపియర్లు కద" అంటవు. నిజమే. 1999ల సర్కారు కొత్త మిషన్లకు వడ్డీ తగ్గిచ్చే పథకం తెచ్చినంక, మెల్లమెల్లగ సూరత్‌ల నీళ్ళ సాంచలు పెరిగినయి. పిక్కరు దెబ్బ లేదు, నాడె ఎగురుడు లేదు, నీటి ధారే పేకను మోసుకొని పోతది. ఆ ఒక్క దెబ్బ పోయినందుకు నాకూ సంతోషమే. నైలాన్ గేర్లు సుత ఇనుప గేర్ల కన్న మెత్తగనే తిరుగుతయి, అది కూడ ఒప్పుకుంట. అయితే ఏమైంది? చప్పుడు తగ్గిందని వేగం మూడింతలు, నాలుగింతలు పెంచిన్రు. వేగం పెరిగితే చట్టాలు అదురుడు పెరిగింది, పంపుల మోత పెరిగింది. మిషను ఇచ్చిన నెమ్మదిని మనిషికి పంచకుండ మొత్తం మీటర్లల్లకే మార్చుకున్నరు. ఎయిర్‌జెట్ పెట్టిన కాడైతే కంప్రెసరును షెడ్డుల మూలకే కూసుండబెడ్తరు. దానికి వేరే అర్ర కట్టి తలుపు పెట్టనీకె ఎన్ని ఇటుకలు పడ్తయి?

చెవుల బిరడాల మీద నాకు పగ లేదు. సాంచ బాగయ్యేదాక పెట్టుకోవాలె. పెట్టుకునుడు సుత రావాలె కద. ఆ స్పంజి ముక్కను వేళ్ళ నడుమ పెట్టి సన్నగ, బీడీ అంత సన్నగ నలపాలె. రెండో చెయ్యిని తల వెనుకనుంచి తెచ్చి చెవి డొప్పను మీదికి, వెనుకకు గుంజాలె. అప్పుడు లోపలికి పెట్టి, అది ఉబ్బి దారి మూసేదాక వేలుతోని ఒత్తి పట్టాలె. అట్ల పెడితేనే డబ్బా మీద రాసిన లెక్కకు దగ్గరికన్న వస్తది. మీరు చెవి గడప కాడ వేలాడదీసి, అది ఉన్నదని రిజిస్టరుల సంతకం పెడ్తరు. మురికి చేతులతోని నలిపి పెట్టుకొని, చెవుల చీము పట్టిందని మళ్ళ దాన్నే తిడ్తరు. దానికన్న పాపం ఇంకోటి చేస్తున్నరు. బిరడా బదులు ఫోను తీగ పెట్టుకొని పాటలు వింటున్నరు. సాంచ తొంభై మీద అరుస్తుంటే, ఆ పాట వినవడాలంటే అంతకన్న ఎక్కువ పెట్టాలె. చెవికి లోపలి నుంచి ఒక దెబ్బ, బయటి నుంచి ఒక దెబ్బ. మేము డబ్బులిచ్చి చెవుడు కొనుక్కోలేదు. మాది సేటు షెడ్డుల వచ్చింది. మీరు దానికి నెలనెలా రీఛార్జి సుత చేయిస్తున్నరు.

మొన్న మా తమ్ముని మనుమడు ఒక పని చేసిండు, దాని గురించి చెప్పకుంటే అన్యాయమైతది. డిప్లొమా చదివిండు. వాళ్ళ షెడ్డుల ఒక వరుస సాంచలకు పాదాల కింద రబ్బరు మెత్తలు పెట్టించి, సడలిన రేకు తలుపులకు నట్లు బిగించి, కంప్రెసరు గాలి వదిలే గొట్టానికి సైలెన్సరు తగిలిచ్చిండు. ఫోన్ల మీటరు పెట్టి ముందు, వెనుక కొలిచిండు. "తాతా, మూడే తగ్గింది" అని ముఖం చిన్నగ చేసుకొని వచ్చిండు. మూడు అంటే సగమని వాని చదువే వానికి చెప్పింది, వాని మనసు ఒప్పుకుంటలేదు. నేను ఆ షెడ్డుకు పోయిన. నా చెవులకు తేడా తెలిసే రోజులు పోయినయి. చెప్పులు విడిచి ఒక్క కాలు పాత వరుస కాడ, ఒక్క కాలు కొత్త వరుస కాడ నేల మీద పెట్టిన. కొత్త దిక్కు అరికాలుకు గుద్దుడు రాలే. మా కాక బెల్టు ముక్కలతోని చేసిందే వీడు బిల్లు పెట్టి కొన్న మెత్తలతోని చేసిండు. పని పాతదే. చేసే చేతులు మాత్రం మళ్ళ కనవడ్డయి.

2022 జనవరి 6 తెల్లారుజామున ఇదే సచిన్ జీఐడీసీల ట్యాంకరు నుంచి రసాయనం కాలువల పారబోస్తే, ఆ గాలి పీల్చి ఆరుగురు పనోళ్ళు చచ్చిపోయిన్రు. దేశమంతా పేపర్లల్ల వచ్చింది, రావాలె కూడ. చెవి అట్ల ఒక్క రాత్రిల పోదు, నెత్తురు కారదు, శవం లేవదు. అందుకే దానికి పంచనామా లేదు. అహమ్మదాబాదుల పనోళ్ళ రోగాల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ ఉంది, సూరత్‌ల సివిల్ హాస్పిటల్ ఉంది. ఈఎస్ఐ చట్టంల చప్పుడుతోని వచ్చే చెవుడును పని రోగమనే రాసిన్రు. అయితే ఈఎస్ఐ కార్డు ఉండాలె కద. ఒక్క షెడ్డునే నాలుగు పేర్ల మీద నాలుగు చిన్న కార్ఖానాలుగ చూపిస్తే, ఎవరి కాడా పదిమంది లెక్కకు రారు, ఎవరికీ కార్డు రాదు. నువ్వు కొత్తగ పనిల చేరిననాడే చెవి పరీక్ష చేయించుకొని కాగితం దగ్గర పెట్టుకో. తర్వాత పోయింది ఇక్కడనే పోయిందని చెప్పనీకె ఆ కాగితమొక్కటే సాక్ష్యం. మాకు ఆ ముచ్చట చెప్పెటోడు లేకుండె.

దీపావళికి సూరత్ అంతా బంద్ పెడ్తరు. సాంచలన్ని ఆగుతయి, రైళ్ళు నిండుతయి, మీరంతా ఊర్లకు పోతరు. షెడ్డు మొత్తం ఆగి ఉండేది ఏడాదిల ఆ కొన్ని దినాలే. పాదాల కింద మెత్తలు పెట్టనీకైనా, బేరింగులు మార్చనీకైనా, కంప్రెసరుకు గోడ కట్టనీకైనా అప్పుడే వీలు. అందుకే రైలెక్కక ముందు ఒక సుద్దముక్క తీసుకొని నీ సాంచలన్ని ఒక్కసారి తిరుగు. చెయ్యి పెట్టి చూడు, స్క్రూడ్రైవరు ఆనిచ్చి విను. ఎక్కడ కొడుతున్నదో, ఎక్కడ గీరుతున్నదో దాని చట్టం మీదనే పెద్దగ రాసిపెట్టి పో. తెలుగుల రాస్తే సేటు చదవలేడు, గుజరాతీల రాయి. తిరిగి వచ్చేసరికి ఆ రాత అట్లనే ఉండి పని కాకుంటే, దాని కిందనే తారీఖు వేసి మళ్ళ రాయి.